నాలుగేళ్లు

కొడవలి ఆనించే ముందు
వన్నూరక్క నేల మీద చెయ్యి నిలువుగా పెడుతుంది.
బొటనవేలు లెక్కలోకి రాదు.
"ఈ నాలుగేళ్లు గడ్డివి సారూ,
పైదే మనది."

నంద్యాల కాలవ నీళ్లు తాగి వచ్చినవాణ్ణి,
బెళుగుప్ప పశువుల ఆసుపత్రికి కొత్త.
నాలుగేళ్లంటే సంవత్సరాలనుకున్నాను.
నవ్వింది. నవ్వుతూనే పిడికెడు కోసి వెనక్కి విసిరింది.

బోరు ఏడొందల అడుగులు,
నీళ్లు బొటనవేలి లావు.
ఆ నీళ్ల కింద ముప్పై సెంట్ల నేపియర్ గడ్డి,
ఆ గడ్డి కింద రెండు ఎనుములూ ఒక పడ్డా,
ఆ ఎనుముల కింద పాల క్యాను,
ఆ క్యాను కింద ఇల్లు.
పైన గాలిమరలు.
అవి ఎవరివో ఆమెకు తెలీదు.

కోసిన సాయంత్రం చూడాలి మడిని.
ప్రతి మోడు నోట్లోనూ ఒక నీటిచుక్క.
ఏడుపనుకుని రాసుకున్నాను ఒకసారి, కొట్టేశాను.
వేరు ఇంకా పైకి తోస్తూనే ఉంది.
అందుకునే ఆకు లేదన్న కబురు
దానికింకా చేరలేదు, అంతే.

మూడోనాటికి మోడు నడుమ నుంచి
లేత పొర ఒకటి లేస్తుంది,
కొన లేకుండా, కత్తెర పడ్డ కాగితంలా.
కొత్త ఆకు కాదది.
మొన్న సగంలో తెగిన ఆకే
తెగిన అంచుతోనే
తన మాట పూర్తి చేస్తోంది.

ఈలోగా కింద
దుబ్బు తన్ను తాను కొరుక్కుంటుంది.
దాచుకున్న పిండినంతా తవ్వి పైకి పంపుతుంది.
సన్న వేళ్లు కొన్ని చచ్చిపోతాయి,
ఆ లెక్క ఎవరూ రాసుకోరు.
మనకు పచ్చగా కనపడే రోజుకు
మన్ను లోపల ఓ కరువు వచ్చి పోయి ఉంటుంది.

చెల్లెలి కొడుకు గాదిలింగ
పోయిన ఏడు మిషను బాడుగకు తెచ్చాడు.
గంటలో మడి మొత్తం గుండు గీసినట్టు చదును.
అక్క తిట్టలేదు.
చేతిని నేలకు ఆనించి చూసి
తీసేసుకుంది.
నెలకు పదిహేడు దుబ్బులు తక్కువొచ్చాయి.
వాటి చోట గరిక కూర్చుంది.
గరికకు ఎవరి నాలుగేళ్లూ అక్కర్లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. చెప్పకుంటే
ఇదంతా ఉత్త పచ్చటి కబురే అవుతుంది.

పై చేన్లో కోసిన జొన్న మోళ్లు.
ఒక్క వాన పడి, ఇరవై రోజులు మబ్బు మొహం చాటేసింది.
మోళ్ల పక్కన జానెడు పిలకలు, నల్లపచ్చగా.
తాడు తెంపుకున్న పడ్డ
మేసింది పావుగంటే.
నేను బండి మీద మందు సీసాతో చేరేసరికి
కాళ్లు కొట్టుకోవడం కూడా అయిపోయింది.
సూది గుచ్చిన చోట నెత్తురు
ఎర్రగా, మరీ ఎర్రగా,
బతికున్నదానికన్నా ఎర్రగా.

"నాము" అంది అక్క.
నా పుస్తకంలో దానికి మూడు పేర్లున్నాయి,
ఒక్కటీ నోటికి రాలేదు.

తెగినచోట మొలిచేదంతా మెత్తనని ఎవరన్నారు?
దప్పికతో లేచిన పిలక
ముందు విషం నేర్చుకుంటుంది,
తీపి తర్వాత.
పూతకొచ్చేదాకా దాని జోలికి పోకూడదు.
ఊర్లో అందరికీ తెలుసు ఈ మాట.
పడ్డకు తెలీదు.

వంక పక్కన గుంత తవ్వి పూడ్చాం.
మర్నాడు ఐదుకే, మంచు ఆరకముందే
మళ్లీ మడిలో ఉంది.
ఎనుములు ఆగవు కదా.

బ్యాటరీ దీపం వెలుగులో
నేలకు ఆనిన ఆ చేతిని అప్పుడు చూశాను సరిగా.
చూపుడువేలికి పై కణుపు లేదు.
"పదమూడో ఏట, కొడవలికే" అంది,
అడక్కుండానే.

అది మొలవలేదు.
కొలతకైతే చాలు.