తప్పు జవాబులు

గునుపురం ఆస్పత్రిలో పాత ఎక్స్‌రే గది.
గోడలకి గోనెసంచులు, వాటి మీద బొంతలు,
ఆపైన కోడిగుడ్ల అట్టలు, అన్నీ మేమే అంటించాం.
ఫ్యాన్ వేస్తే యాభై రెండు డెసిబెల్స్,
కట్టేస్తే నలభై.
కట్టేసి చెమటలో కూచుంటాం
నేను, మిషను, కింతలి దాలమ్మ.

ఇరవయ్యేడేళ్లు రైసుమిల్లులో
హల్లరు పక్కన చేటతో నిలబడిన మనిషి.
మా అధ్యయనంలో ఆమె నెంబరు అరవై మూడు.
సమ్మతి పత్రం ఒడియాలో చదివితే తల ఊపింది.
తెలుగులో చెబితే మాత్రం అడిగింది:
"సూది గానీ పొడుత్తారేటమ్మా?"
లేదన్నాకే వేలిముద్ర.

కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ.
గ్రాఫులో మంద్రస్థాయి చుక్కలు
అరుగు మీద కూచున్నట్టు వరసగా ఉన్నాయి.
నాలుగు వేల హెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి గీత
చేంతాడు తెగిన బొక్కెనలా కిందికి పోయింది.
అక్కడే ఉంటాయి స, శ, చ, త,
గాలితో పలికే అక్షరాలు.
ఆమెకి అచ్చులు మిగిలాయి.
హల్లుల్ని హల్లరు తినేసింది.

ఒడియా మాటల పట్టీ బరంపురం నుంచి వచ్చింది.
ఇరవై అయిదు మాటలకి పదకొండు ఒప్పు.
నలభై నాలుగు శాతం.
మిషను పెట్టినా పెద్దగా లాభం ఉండదని
రాయాల్సిన అంకె అది.

తెలుగు పట్టీ నేను కూర్చాను.
రాయగడలో పుట్టి, ఒడియా బడిలో చదివి,
మా అమ్మ తిట్లలోంచి, చీటీల లెక్కల్లోంచి
రెండక్షరాల మాటలు ఏరి
ఒడియా లిపిలోనే రాసుకున్నాను.
అప్పటికి తెలుగు నాకు నోటికే వచ్చు.

పెదాలు కనబడకుండా అట్టముక్క అడ్డం పెట్టుకుని
"పంట" అన్నాను. "మంట" అంది.
"చేను" అన్నాను. "నేను" అంది.
"సాయం."
"గాయం."
"కూడు."
"గూడు... కాదు కాదు, కూడే."
"తోడు" అన్నాను.
ఏమీ అనలేదు.

జవాబు లేకపోతే తప్పు కిందే లెక్క.
తప్పుకి ఒక చుక్క చాలు, ఏం విన్నదో రాయక్కర్లేదు,
పద్ధతుల కాగితంలో అలా ఉంది.
చుక్కలు పెట్టాను.
నోటుబుక్కు వెనక పేజీలో మాత్రం
మంట, నేను, గాయం అని రాసుకున్నాను,
ఏ పట్టికలోకీ ఎక్కనివి.

పద్దెనిమిది ఒప్పు. డెబ్బై రెండు శాతం.
అవే చెవులు, అదే గది, అదే మధ్యాహ్నం.

ఫోన్లో సారు అన్నారు:
ఒక్క మనిషితో ఏం తేలుతుంది, నూట ఇరవై కావాలి.
నిజమే.
అరవై నాలుగో మనిషి బయట బెంచీ మీద
తువ్వాలుతో విసురుకుంటూ ఉన్నాడు.

హెడ్‌ఫోను తీసి కొప్పు సర్దుకుంటూ దాలమ్మ
"ఇనబడతాదమ్మా, బోధపడదంతే.
మిల్లు ఆపీసినా నా సెవుల్లో ఆడతానే ఉంటాది" అంది.
గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.
"ఆ రైలు అన్న మాట తీసీయండి.
నౌపడ చిన్న రైలు కూత ఇన్నోలం,
సెవిటోడైనా దాన్ని సెప్పీగలడు."

రాత్రి లెక్క తీశాను.
అరవై ఏడు మందిలో "రైలు" తప్పినవాళ్లు లేరు.
అందరూ ఒప్పు చెప్పే మాట
ఎవరి చెవినీ కొలవదు.
ఎర్ర పెన్నుతో కొట్టేశాను.
ఆ ఖాళీలో ఏం పెట్టాలా అని చూస్తుంటే కరెంటు పోయింది.
గది ముప్పై ఎనిమిదికి దిగింది.
వంశధార వైపు ఏదో మిల్లు
జనరేటర్ మీద ఆడుతోంది.

ఫోన్ వెలుగులో "చేట" అని రాశాను.
అది వేట అవుతుందో, మాట అవుతుందో,
చుక్కే అవుతుందో.
ఇంకా ఎవరికీ చదివి వినిపించలేదు.