కార్డు మీద మిగిలిన చోటు

మనామాలో, సముద్రాన్ని పూడ్చి కట్టిన హోటల్లో
ఆరో అంతస్తు.
నెలకో మంగళవారం ఇక్కడ వకీళ్లు
ఒకరినొకరు తెలుసుకుంటారు.
గుమ్మం దగ్గరి అమ్మాయి నా కోటుకు పేరుబిళ్ల తగిలించింది.
నీరజాక్షి పట్టలేదు అందులో,
నీరజాక్ దగ్గర తెగిపోయింది.
సరేలే, మాట మధ్యలో తెగిపోవడం
ఆర్మూరు కోర్టులోనే అలవాటైంది.

ఇక్కడ కోర్టులో నిలబడి వాదించే హక్కు నాకు లేదు.
కాగితం నాది, గొంతు బుదూర్‌ది.
ఆమె నల్లగౌను అంచు సర్దుకుంటూ
నా వాక్యాలను అరబ్బీలోకి తిప్పుతుంటే
వెనక బెంచీలో కూర్చుని
నా మాట ఎక్కడుందో వెతుక్కుంటాను.

ఈ సాయంత్రాల విద్య కూడా బుదూరే నేర్పింది:
గ్లాసు ఎడమచేత పట్టుకో, కుడిచెయ్యి తడవకూడదు.
పిల్లల గురించి అడుగు, ఫీజు గురించి అడక్కు.
ఇచ్చిన కార్డు వెంటనే సంచిలో వెయ్యకు,
ఒక్క క్షణం చదువు, తెలిసిన సంగతే అయినా.

చదివాను.
ఒకవైపు అరబ్బీ కుడి నుంచి బయల్దేరింది,
రెండోవైపు ఇంగ్లీషు ఎడమ నుంచి.
ఫోన్ నంబరొక్కటే
రెండువైపులా ఒకే దిక్కుకు నడుస్తోంది.

ఆ కార్డు సబ్రీ గారిది.
అలెగ్జాండ్రియా మనిషి. ముప్పై ఏళ్లుగా మనామా.
నవ్వితే ఆయనకంటే ముందు పొట్ట నవ్వుతుంది.
పరంజా కంపెనీకి ఆయనే వకీలు.
ఆ కంపెనీ బీరువాలోనే ఉంది
మెట్‌పల్లి లస్మన్న పాస్‌పోర్టు.
తొమ్మిది నెలల జీతం మాత్రం
ఏ బీరువాలో ఉందో ఎవరూ చెప్పరు.
నాలుగు నోటీసులు రాశాను ఆయనకు,
నాలుగింటి కిందా సంతకం కాగితం చిరిగేంత గట్టిగా.
"ఆ నీరజాక్షి మీరేనా!" అన్నాడు,
ఒక్క అక్షరం రాలకుండా.
అంత పెద్ద హాల్లో నా పేరు పూర్తిగా తెలిసింది
ఎదుటి పక్షానికే.

ఖర్జూరాలు నమిలాం.
ఆయన మోకాళ్ల నొప్పి, మా అమ్మాయి లెక్కల పరీక్ష.
లస్మన్న ఊసు నేనెత్తలేదు.
ఆయనే ఎత్తాడు, లిఫ్టు దగ్గర,
వంగలేక వంగి బూటు లేసు కట్టుకుంటూ:
"గురువారం మనిషిని పంపండి."

గురువారం పాస్‌పోర్టు వచ్చింది.
ఆరు నెలల జీతం వచ్చింది.
మిగతా మూడు నెలలు
ఏ లిఫ్టులో కిందికి దిగిపోయాయో.
కవరు మీద ఆయన చేతిరాత:
"మీరు నాకొకటి బాకీ, మేడమ్."
నోటీసైతే జవాబు రాసేదాన్ని.
దీనికి ఏ సెక్షన్ కింద రాయను?

లస్మన్న నోట్లు లెక్కపెట్టలేదు.
పాస్‌పోర్టులో తన మొహాన్ని బొటనవేలితో తుడిచి
"ఎట్ల ఇప్పిచ్చిన్రు మేడమ్, పేషీ దినమే రాకపాయె" అన్నాడు.
పరిచయం, అన్నాను.
ఆ మాట నోట్లో గింజలా తిరిగింది,
ఎక్కడ ఉమ్మాలో తెలియలేదు.
"అయితె మీ కార్డులు ఓ పది ఇయ్యున్రి."

గ్లాసు ఏ చేత పట్టాలో అతనికి ఎవరూ నేర్పలేదు.
శుక్రవారం సిత్రా క్యాంపులో
ఉల్లిగడ్డలు తరిగే చోట పంచాడట.
పది సరిపోలేదు.
ఎవరో నా నంబరు
గ్యాసుపొయ్యి మీది గోడకెక్కించారు, మసి మీద మేకుతో గీకి.
సాయంత్రానికి పదిహేడు ఫోన్లు.
ఒకరిది పెద్దపల్లి యాస, ఒకరిది ఒరియా.
ఒకరు ఏమీ మాట్లాడలేదు,
కాసేపు ఊపిరి వినిపించి పెట్టేశారు.

పద్దెనిమిదోది సబ్రీ గారు.
మోగనిచ్చాను.
ఆయన కార్డు తీశాను.
అరబ్బీకీ ఇంగ్లీషుకీ పోగా
నంబరు కింద కాస్త తెలుపు మిగిలింది.
అక్కడ తెలుగులో రాశాను, చిన్నగా:
మూడు నెలలు.
ఇంకా మోగుతూనే ఉంది.
ఎత్తి, గొంతు సవరించుకుని,
"మోకాళ్లు ఎలా ఉన్నాయండీ?" అన్నాను.