తరుగు, కొసరు

పొద్దున ఐదున్నరకు మస్టరులో మొహం చూపించి
మత్తికెరె మూడో క్రాసులో మొదటి విజిలు ఊదుతాను.
ఆకుపచ్చ బకెట్లు ఒక్కొక్కటే గేట్లు దాటుతాయి.
మూత తీస్తే చాలు,
ఎవరింట్లో ఏం ఉడికిందో, ఏం ఉడకలేదో నాకు తెలిసిపోతుంది.

నలభై రెండో నంబరు ముసలాయనకు పళ్ళు కట్టించినట్టున్నారు,
ఈ వారం చపాతీ అంచులు రాలేదు.
మేడమీది పిల్లలు ముగ్గురూ వండుకోవడం మానేశారు.
డబ్బాలు, డబ్బాల్లో సగం బిర్యానీ,
విప్పని ఎర్రగడ్డ ముక్కల పొట్లం.
ఆ పొట్లం పుట్టిందే పారేయడానికేమోనని
నాకెప్పుడూ అనుమానం.

మొన్న ఒక చదువుకునే పిల్ల కాగితాలు పట్టుకుని
ఆటో వెంబడే నడిచింది.
"అక్కా, ఆహార వ్యవస్థ అంటే మీ మాటల్లో చెప్తారా?"
అంత పెద్ద మాటకు నా దగ్గర గిన్నె లేదమ్మా అన్నాను.
నవ్వింది, కానీ పోలేదు.
సరేలే అని, కాటాల సంగతి చెప్పాను.

మా చిన్నాయన తిమ్మరాయప్ప
చింతామణి అవతల ఎకరా ముక్కలో టమాట పెడతాడు.
నారు వెయ్యికింత. మందు మూతల లెక్క.
బోరు అడుగుల్లో, కరెంటు గంటల్లో,
అవీ నిద్ర గంటల్లోనే.
పదిహేను కిలోల బాక్సు మండీ గడప దాటగానే
పద్నాలుగవుతుంది.
తరుగు అంటారు.
తరిగింది ఎవరింటికి పోతుందో మాత్రం
చీటీలో రాయరు.

తెల్లారేలోపు లారీ హొసకోటె దాటాలి.
దాటకపోతే పండు మెత్తబడుతుంది,
మాట గట్టిపడుతుంది.
కలాసిపాళ్యంలో దించినవాడికి బాక్సుకింత,
మోసినవాడికి మెట్టుకింత,
ఏసీ అంగడిలో తుడిచి పేర్చిన కుర్రాడికి నెలకింత.
ఇన్ని చేతుల్లో ఒక్క నజీమా మాత్రం
తోపుడుబండి తక్కెడ ముల్లు నిలిచాక
ఇంకో కాయ వేస్తుంది.
కొసరు.
అదెవరి లెక్కలోంచి వస్తుందే అంటే
"నా లెక్కే కదక్కా" అంటుంది.

కిలో నూరు దాటిన ఆషాఢంలో
నా బకెట్లలో టమాట తొక్క కూడా కనబడలేదు.
రెండు రూపాయలకు పడిన మాఘంలో
చిన్నాయన కోత కూలికి జడిసి
చేను మీద ట్రాక్టరు తోలించాడు.
అదే రోజు ఇక్కడ బకెట్లన్నీ ఎర్రెర్రగా.
ఒకే పంట రెండు కొసల్లోనూ కుళ్ళింది,
నడిమధ్య ఎవరికో ఆకలి అట్లాగే ఉండింది.
ఆ ఎవరిలో నేనూ ఉన్నాను.
పదకొండుకు డబ్బా విప్పితే
రేషను బియ్యం, పలచటి చారు.
చేతులకు నీళ్ళు పోసే ఇల్లు
ఆ వీధి మొత్తానికి ఒకటే.

పిల్ల కాగితం మీద చేను గీసింది, లారీ గీసింది,
బకెట్టు, ఎరువు గుంత, మళ్ళీ చేను గీసి
బాణాలతో కలిపింది.
గుండ్రంగా వచ్చింది, చక్కగా ఉంది.
గుండ్రమే కానీ ఓడుతుందమ్మా అన్నాను.
ఎక్కడ అంది.
ప్రతి బాణం దగ్గరా.

మా తడి చెత్త కూడా కాటా ఎక్కుతుంది,
మురిగి, ఎండి, జల్లెడ పడి
ఖాళీగా తిరిగిపోయే లారీల్లో ఊళ్ళకెళ్తుంది.
చిన్నాయన ఒక లోడు చల్లించాడు.
షాంపూ పొట్లాలు ఏరలేక నన్ను తిట్టాడు ఫోనులో,
నేనే వేసినట్టు.
రెండు నెలలకు మళ్ళీ ఫోను.
దిబ్బ పక్కన ఎవరూ నాటని మొక్కొకటి లేచిందట.
మత్తికెరె గింజే అయ్యుంటుంది అని నవ్వాడు.

పదకొండు కాయలు, బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు.
వంకర కాయలు, మండీలో ఎవడూ ముట్టడు.
నాలుగు నజీమాకిచ్చాను.
అలవాటు కొద్దీ తక్కెడలో వేసింది.
నాలుక కరుచుకుని
తీసేసింది.