డబుల్ స్టాండు

నిడిజివ్వి దావలో, వాన ఎలిసిన పొద్దు
నల్లరేగడిలో సైడు స్టాండు
దబ్బళం దిగినట్టు దిగబడింది.
బండి ఒరిగేటప్పుడు నేను బీడీ ముట్టిస్తాండా.
నాలుగు ట్రేలు. నూటిరవై గుడ్లు.
పచ్చసొన చక్రం కింద నుంచి కాలవ గట్టి
మైలురాయి దాకా పోయింది.
అంగడాయప్ప లెక్క రాసుకున్నాడు గానీ
ఎట్ల పగిలినాయని అడగల్యా.

"ఒంటికాలి దాన్ని నమ్ముకుంటే అంతే"
అనింది ఓబుళమ్మ,
బండిని కాదు, నా మోకాలిని చూస్తా.

ప్రొద్దుటూరు పాతినుము అంగట్లో
గోతాల కింద దొరికింది డబుల్ స్టాండు, మూడు నూట యాభై.
ఎవురి బండిదో, ఎన్ని ఊర్లు మోసిందో,
ఒగ పాదం అరిగుండాది, ఒగటి అరగల్యా.
బిగించేదానికి ఎర్రగుంట్ల మెకానిక్కు
ఇంగో రెండు నూర్లు అడిగె.
రెండు నూర్లంటే ముప్పై మూడు గుడ్లు.
ఇంటికాడ నేనే బిగిస్తా పో, అంటి.

వాకిట్లో నాపబండల మీద గోతం పరిచి
ఎల్లకిల పండుకున్యా.
బండి కడుపు కింద నుంచి చూడడం అదే మొదులు.
నాలుగేండ్ల మట్టి, కాలిన ఆయిలు,
ఏ ఊరిదో ఒగ కోడి ఈక, ఇంజనుకు అతుక్కోని.
ఇంత మోసిందా ఇది అనిపిచ్చింది.
ఎడమ చెవి బెజ్జం తుప్పుతో పూడింటే
ఆకురాయితో గీకి గీకి తెరిసినా.
గొట్టానికి గ్రీసు పూసి తోస్తే
ఉంగరం మాదిరి దూరింది.
వాషరు, నట్టు, పద్నాలుగు పానా.
అయిపాయె అనుకున్యా.

స్ప్రింగు మిగిలింది.

బొటనేలంత స్ప్రింగు.
కొక్కేనికీ దానికీ మధ్య రెండేళ్ళ ఎడం.
కటింగ్ ప్లేయర్‌తో లాగినా, రాల్యా.
స్క్రూడ్రైవర్‌తో మెలేసినా, జారి
కణుపుల మీద తోలు లేసింది.
తాడు కట్టి కాలితో తన్ని లాగితే
ఎగిరి పోయి ఎదురింటి కుండలో పడింది.
నీళ్ళ కుండలో.

కుండతో సహా వచ్చింది మౌలాబీ,
పరుపులు కుట్టే దస్తగిరి కూతురు, తొమ్మిది చదువుతాది.
"లాగద్దు మామా. సందు ఇయ్యాల.
దూది గూడా లాగితే తెగుతాది, సందిస్తే ఉబ్బుతాది.
రూపాయి బిళ్ళలు ఉండాయా?"

ఓబుళమ్మ చిల్లర డబ్బా బోర్లిచ్చింది.
గుడ్ల వాసనొచ్చే చిల్లర.
నేను స్ప్రింగును బండకు ఆనించి వంచుతా,
ఆ పిల్ల విచ్చుకున్న చుట్టల మధ్య
ఒగ్గొగ రూపాయి దూరుస్తాది.
ఇటు వంచి, మళ్ళ అటు వంచి.
ఒగటి, ఐదు, పదకొండు,
పదిహేడు.
రూపాయలు మింగిన జెర్రి మాదిరి
నా అరచేతిలో పొడుగ్గా, బిర్రుగా.
కొక్కేనికి తగిలిస్తే
ఏమీ తెలియనట్టు తగులుకున్యాది.
మేం ముగ్గురం కొంచేపు మాట్లాడల్యా.

స్టాండు కిందికి తొక్కితే
బండల మీద టింగు టింగుమని రాలినాయి.
పొద్దు గూకే యాళకు దస్తగిరి వచ్చి
నా అవస్థ చూసి నగె:
"ఎత్తద్దబ్బీ, చేతుల్తో నీ వల్ల కాదు.
స్టాండు మీద నిలబడు, నీ బరువు దానికియ్యి.
బండే ఎక్కుతాది."
నిలబడితి.
నొప్పి మోకాలు మీదనే నిలబడితి.
గుడుక్కుమని ఎక్కింది.

వెనక చక్రం గాల్లో.
చేత్తో ఒగసారి తిప్పినా.
ఏ ఊరికీ పోకుండా
శానాసేపు తిరిగింది.

లెక్క పెడితే పదహారే ఉండాయి.
గోతం దులిపినాము, తూములో చూసినాము.
"స్ప్రింగులోనే ఇరుక్కోనుంటాది, అది నాది" అనింది మౌలాబీ.
రెండు గుడ్లు చేతిలో పెట్టినా.
తీసుకోని,
"గుడ్లు గుడ్లే, రూపాయి రూపాయే మామా" అని పాయె.

ఇప్పుడు చిలంకూరులో, కలమల్లలో, ముద్దనూరు గేటు కాడ
ఏ అంగడి ముందర స్టాండేసినా
ట్రేలు దించక ముందు
ఒగ నిమిషం
కిందికి చెవి ఒగ్గుతా.