మసి

సినిమాహాల్లో అందరూ మొహాలు చూసి ఏడుస్తారు.
నేను జాకెట్ చేతుల అంచులు చూస్తాను.
ముప్పయ్యేళ్ళు ముఖో రేవులో బట్టలుతికినదాన్ని.
మనిషి మొహంతో అబద్ధమాడగలడు గానీ
ముంజేతితో ఆడలేడు.

కొండమీద బురదసందు చివర యోన్‌సున్ గది.
పడవల దగ్గర స్క్విడ్ తట్టలకెత్తుకుని
పైకి మోసి తీగలమీద ఆరేసే పని.
ఆ చలికాలమంతా తెల్లారేసరికి
ఆమె గడప ముందు రెండు బొగ్గుబిళ్ళలు,
ఒక్కోదానికి పంతొమ్మిది కన్నాలు.
తెచ్చినవాడి అడుగులు మాత్రం
అప్పటికే మంచులో పూడిపోయి ఉండేవి.

"నువ్వేనా?" అని దల్హోని అడిగిందట.
దల్హో నవ్వాడు.
అవుననలేదు, కాదనీ అనలేదు.
అందగాడి నవ్వుకి
అర్థం మనమే రాసుకుంటాం.

నాకు తెలుసు.
ప్యో గ్యుసిక్ అని, అదే పడవలో వల లాగేవాడు,
మాట తడబడేవాడు,
చిల్లర తీసుకోవడం మరిచి వెళ్ళేవాడు.
వారం వారం వాడి జాకెట్ కుడిచేతి అంచున మసి.
సముద్రంలో బొగ్గెక్కడిది?
అడగలేదు. సబ్బేసి రుద్దాను.
లోకం మసి పూసి మారేడుకాయ చేస్తుంది.
నేను మసి కడిగి చేశాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం, కొట్టునిండా జనం.
రెండు జాకెట్లు, ఒకే నీలం, ఒకే కొలత.
కాలరు లోపల పేర్లు కుట్టింది నేనే, నల్లదారంతో.
(ఎర్రదారంతో కుట్టకూడదు మా దగ్గర,
ఎర్రటి పేరు చచ్చినవాళ్ళది.)
చూడకుండా ఇచ్చేశాను
వీడిది వాడికి, వాడిది వీడికి.

గురువారం గాలివాన. పడవ తిరిగి రాలేదు.
పదోరోజున దీపస్తంభం కింది రాళ్ళలో
ఒక్క దేహం దొరికింది.
మొహం సముద్రమే ఉంచుకుంది,
కాలరులో పేరు పంపింది.
"కుట్టు నీదేనా?" అన్నాడు పోలీసు.
నాదే అన్నాను.
కప్పిన గుడ్డలోంచి బయటికొచ్చిన చెయ్యి,
అంచున
పదిరోజుల ఉప్పునీళ్ళకీ వదలని మసి.
శనివారం నేను ఉతికిచ్చిన జాకెట్ అది.
అప్పుడే చెప్పాల్సింది.
చెబితే ఆమెకి ఒక ఆశ, నాకు ఒక తప్పు.
నా తప్పే నాకు బరువెక్కువ అనిపించింది.

యోన్‌సున్ దల్హో పేరు పెట్టి ఏడ్చింది.
ఇరవైమూడో రోజు దల్హో బస్సు దిగాడు.
ఆ రాత్రి పడవెక్కనే లేదట,
పోహాంగ్‌లో ఇంకో కొలువు వెతుక్కుంటూ ఉన్నాడట.
సందంతా మక్కొల్లి పంచారు.
సమాధి కొయ్య మీది పేరు చెక్కేశారు.
అక్కడ పడుకున్నదెవరని
ఆ సంబరంలో ఎవరూ అడగలేదు.
వసంతంలో పెళ్ళి.

మళ్ళీ మంచు కురిసింది.
పొయ్యి చల్లారిన ఒక వేకువన
తలుపు తీసి, ఖాళీ గడప చూసి
నవ్వుతూనే అడిగిందట మొగుణ్ణి:
"పెళ్ళయింది కదా అని బొగ్గు మానేశావా?"
దుప్పటి లాక్కుంటూ దల్హో అన్నాడు,
"ఏం బొగ్గు?"

చెప్పుల్లేకుండా నా కొట్టుకొచ్చింది.
చేతిలో దల్హో ఏడాదిగా తొడుక్కుంటున్న జాకెట్.
పేరు ఎప్పుడో చదివిందట,
స్నేహితులు బట్టలు మార్చుకుంటారులే అనుకుందట.
కాలరు తిరగేసి నా ముందు పెట్టింది.
"ఈయన ఎలా ఉండేవాడు?"

చెప్పబోయాను. మొహం గుర్తు రాలేదు.
వేళ్ళు చెప్పాను. గోళ్ళలో నలుపు చెప్పాను.
తీసుకోకుండా పోయిన చిల్లర
డబ్బాలో అట్లాగే ఉంటే చూపించాను.
ఆమె నాణేలు లెక్కపెట్టింది, రెండుసార్లు.
"నేను వెలిగించిన ధూపం?"
"వాడికే అందింది" అన్నాను,
"ఇంకొకడి పేరు మీద."

చాలాసేపు ఇస్త్రీపెట్టె ఆవిరి ఒక్కటే మాట్లాడింది.
తర్వాత అడిగింది, ఎర్రదారం ఉందా అని.
ఉంది. ఎన్నడూ ముట్టని కండె.
సూదిలోకి ఎక్కించబోతే
నాకు కన్ను ఆనలేదు.
ఆమే ఎక్కించి ఇచ్చింది.