కాలుగాలిన పిల్లి

వాల్పరైసోలో పై కొండ మీద
కాలిపోయిన వీధుల్లోంచి అట్టపెట్టెలో వచ్చింది.
నాలుగు కాళ్లకూ కట్లు. మీసాలు ఒకవైపే.
ఆశ్రమం పిల్ల, హవియేరా,
"ఎర్మెలిందా గారూ, ఇక్కడ సంతకం" అంది.
కాగితంలో ఒక గడి: ఇంట్లో వేరే జంతువులున్నాయా?

ఉన్నాడు. బొతొతో.
మా ఆయన పాత బూటులో దొరికాడు పిల్లగా,
ఆ బూటు పేరే వాడికి.
ఇప్పుడు గుమ్మానికి అడ్డంగా పడుకుంటే
గ్యాసు కుర్రాడు బండని వాడి మీదుగా ఎత్తి దాటించాలి.

ముందు తలుపు మూసి ఉంచండి, అంది హవియేరా.
తువ్వాళ్లు మార్చండి,
దాని వాసన వాడికి, వాడి వాసన దానికి.
తొందరపడొద్దు.
మా పెళ్లికి కూడా ఎవరూ ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు.

కుట్టుమిషను గదిలో ఉంచాను.
తొక్కుడు చెక్క వెనక చేరి
మూడు రోజులు అడుగు తీసి అడుగు వేయలేదు.
కాలుగాలిన పిల్లి ఊరంతా తిరుగుతుందంటారు.
తిరిగింది బొతొతో.
తలుపు నుంచి వంటింటికి, వంటింటి నుంచి తలుపుకి,
రాత్రి రెండింటికి కూడా గోళ్లు టకటక.
తలుపు కింది సందులో ముక్కు పెట్టి
లోపలి గాలంతా పీల్చాడు.
పీల్చి, తుమ్మాడు.
దాని ఒంటికింకా పొగ వాసనే.

తువ్వాలు ఇస్తే చింపలేదు.
నోట కరుచుకుపోయి నిమ్మచెట్టు కింద పాతిపెట్టాడు.
తవ్వి, ఉతికి, ఆరేశాను.
మళ్లీ పాతిపెట్టాడు.
అది కోపమా మర్యాదా అని ఫోన్ చేసి అడిగితే
హవియేరా చాలాసేపు నవ్వింది.

నాలుగో రోజు వంటింట్లో అగ్గిపుల్ల గీశాను.
గోడవతల ఏదో దొర్లిపడింది.
గుండీల డబ్బా, గది నిండా గుండీలు,
పరదా కొసన పిల్లి,
ఒక కట్టులోంచి ఎర్రగా.
చేతిలో పుల్ల ఆరిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

పదిహేడు రోజులు పొయ్యి వెలగలేదు మా ఇంట్లో.
రొట్టె, టమాటా, అవకాడో.
కాఫీ మాత్రం కింది మెట్ల రోసౌరా ఫ్లాస్కులో.
"ఇవాళ కూడా పొయ్యిలో పిల్లి లేవలేదా?" అని దాని వెక్కిరింత.
లేవలేదే, నిజంగానే, అన్నాను.

కాగితం అడుగున చిన్న అక్షరాలు:
ఆరు నెలల్లో అసలువాళ్లు వస్తే తిరిగి ఇవ్వవలెను.
గేటు గంట మోగితే
బొతొతో కంటే ముందు నేను ఉలిక్కిపడ్డాను.
వాళ్లు బతికుండాలని కోరుకోవాలి కదా, మనిషన్నాక.
కోరుకున్నాను.
ఇటువైపు మాత్రం రాకూడదని కూడా.

మొదటి వాన వచ్చిన సాయంత్రం
రేకుల గోడల మీద హోరు,
తలుపు గడియ సరిగ్గా పడినట్టు లేదు.
చూసేసరికి అది వంటింటి గడప మీద ఉంది,
చల్లటి గచ్చు మీద కొత్త గులాబిరంగు పాదాలు.
బొతొతో లేచాడు. ముప్పై ఎనిమిది కిలోలు.
చీపురు అందుకున్నాను, ఎవర్ని అదిలించాలో తెలియకుండానే.

వాడి ముక్కు మీద ఒకే ఒక్కటి వేసింది,
పోస్టాఫీసులో ముద్ర గుద్దినట్టు.
వాడు కూర్చుండిపోయాడు.
సాక్ష్యం చెప్పమన్నట్టు నావంక చూశాడు.
నేనేం చూళ్లేదురా, అన్నాను.

చలి. సూపు కాచుకోవాలి.
పుల్ల గీశాను.
దాని చెవులు తలకి అంటుకుపోయాయి.
బొతొతో బరువుగా నడిచొచ్చి
పొయ్యికీ దానికీ మధ్య అడ్డంగా పడుకున్నాడు,
గుమ్మానికి పడుకున్నట్టే.

సాసేజి ముక్కల కోసం. అవి రాలేది అక్కడే.
నాకు తెలుసు.
అయినా ఆ వీపు చాటున, మంట కనపడని జానెడు చోట,
అది ముందరికాళ్లు ఒక్కొక్కటే లోపలికి మడుచుకుంది.

పేరు గడి ఇంకా ఖాళీ.
ఆశ్రమంలో సెనీసా అనేవాళ్లు, బూడిద అని.
రోజుకి ఇరవైసార్లు బూడిదా బూడిదా అని
ఈ ఇంట్లో నేను పిలవను.
ప్రస్తుతానికి "ఏయ్" అంటే
ఇద్దరూ తలతిప్పి చూస్తున్నారు.