ఇరుసుకు రెండంగుళాల ముందు

మురకంబట్టు రోడ్డులో వెల్డింగ్ దొరసామి
పద్దెనిమిది వేలు చెప్పినాడు.
బండి పాతదే కదప్పా అంటే
బండి పాతది, కరెంటు బిల్లు కొత్తది అన్నాడు.
ఇంటికొచ్చి స్పానర్ల సంచి దులిపినా.

దాన్ని ఐదో చక్రం అంటారు.
దొర్లదు, నేలను తాకదు,
గాలి అడగదు, పంచరు కాదు.
చచ్చిన లారీ నుంచి విప్పుకొచ్చిన ఇనుప పళ్ళెం,
నడుమ ఒక దవడ.
ట్రైలరు మేకు దాంట్లోకి దూరితే
కరుచుకోవాల, వదలకూడదు.
అంతే దాని చదువు.

నా చదువు దానికంటే రోంత తక్కువ.
పదహారేండ్లు క్లీనరుగా
వెనక టైర్లకు రాళ్ళు పెట్టినోణ్ణి.
చెరుకు తోటకాడికే గానుగ ఎత్తకపోవాలని,
పెనమూ ఇంజనూ అచ్చులూ
ఒక్క ట్రైలరు మీద సర్ది
ఈ పాత పికప్పుకు తగిలించాలని
మూడేండ్లుగా నా లెక్క.

తొట్టి మీద సుద్దతో గీత గీసినా.
"కొలిచినావా నాయనా?"
అడిగింది కోమల, ఐటీఐ ఫిట్టరు, రెండో ఏడు.
"చూసినా."
"చూసేదీ కొలిచేదీ ఒకటేనా?"
నేను డ్రిల్లు ఆన్ చేసినా, మాట వినపడకుండా.

రేకు అరిచింది.
ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి
మురుకుల నూనె చిందినట్టు
ముంజేతి మీద చురచురా రాలింది.
బెజ్జం పడింది.
బండి కిందికి దూరి చూస్తే
ఆ బెజ్జానికి ఛాసిస్ లేదు,
బెత్తెడు అవతల డీజిల్ గొట్టం ఉండాది.
బెజ్జంలో రూపాయంత ఆకాశం,
అంతలో ఆకాశం పోయి
నా కూతురి కన్ను ఒకటి.
ఆ కన్ను ఏమీ అనలేదు.
అదే నాకు ఎక్కువైంది.

టేపు పైకి అందించినా.

ఆమె దారానికి నట్టు కట్టి వేలాడదీసింది,
ఇరుసు నడుమ ఎక్కడుందో నట్టునే అడిగింది.
"బరువు ఇరుసు వెనక పడితే
ముందు చక్రాలు తేలతాయి,
స్టీరింగు మాట వినదు.
రెండంగుళాలు ముందు."
మాట వినని వాటి గురించి
ఆ పూట నేను నోరెత్తలేదు.

నాలుగు రోజులు.
మూడు బిట్లు విరిగినాయి.
తలకు పెట్టుకునే కొబ్బరినూనె
సీసాడు, ఛాసిస్ తాగేసింది.
ఒక్కో బోల్టుకు పైకొస ఆమెది, కింది కొస నాది.
"పట్టినావా?" "పట్టినా." "తిప్పు."
మా ఇంట్లో ఇన్ని మాటలు
ఎన్నడూ నడిచింది లేదు.
గౌరి అంబలి చెంబు తెచ్చి
బండి కిందినుంచి పొడుచుకొచ్చిన నా కాళ్ళతో
చాలాసేపు ఇంటి సంగతులు మాట్లాడింది.

కోసిన అంచులకు ఎర్ర రంగు పూసినాం,
తుప్పు వాసన పట్టకుండా.
సారును అడిగి తెచ్చిన టార్కు రెంచి
టిక్ అనింది.
నేను ఇంకో చుట్టు తిప్పబోతే చెయ్యి పట్టుకునింది:
"అది చాలంటే చాలు నాయనా.
ఎక్కువ బిగిస్తే బోల్టు లోపల్లోపలే సాగతాది,
బయటికి చెప్పదు."

రా, రా, రా, ఎడమకి, రోంత, రా,
ధన్.
దవడ మూసుకునింది.
కోమల టార్చి ఎత్తుకోని
మేకు చుట్టూ వెతికింది, సందు ఉందేమో అని.
వెలుతురు అవతలికి పోలేదు.

ఇసక మూటలు ఎనిమిది ఎక్కించి
మొగిలి ఘాటులో వంకరలన్నీ తిప్పినా.
అద్దంలో ట్రైలరు
నేను మొన్న చేసిన పనిని ఈరోజు అడుగుతున్నట్టు
ఒక్కో మలుపు ఆలస్యంగా వచ్చింది.
వచ్చింది, అది చాలు.

తిరిగొస్తా దొరసామి షాపు ముందర ఆపినా,
చూపించాలని.
వంగి చూసినాడు, తట్టి చూసినాడు,
వంక పెట్టడానికి ఏమీ లేక
తొట్టి మూల వేలు పెట్టినాడు.
"ఈ బెజ్జం ఏందప్పా ఒంటిగా?"

నేను గ్రీజు డబ్బా మూత వెతుక్కుంటా ఉండా.

"వాన నీళ్ళు పోయేదానికన్నా,"
అనింది కోమల,
"కొలిచి పెట్టినాం."